ఒకటికి మరో పేరు

ఉప్పు వ్యాపారాన్ని డిజిటల్ చేయడానికి ప్రణాళిక రాయించాలని మా షావుకారు నిర్ణయించాక, రాసే మనిషికి పనంతా వివరించే బాధ్యత నాకు అప్పగించాడు. నేను సంతోషించాను. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఇరవై ఆరేళ్లుగా నౌపడ దగ్గర మా ఉప్పు మడుల నుంచి లారీ ఎక్కిన బస్తాలన్నీ నా లెక్క మీదే కదిలాయి. ఆ ప్రణాళికలో నాకూ ఒక చోటు ఉంటుందనుకున్నాను.

వచ్చిన కన్సల్టెంటు హైదరాబాదు మనిషి. తెలుగువాడే. నన్ను మీరు అనే పిలిచేవాడు. నాలుగు రోజులు నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏ నెలలో తీసిన ఉప్పు ఎంత తడి పడుతుందో, విజయనగరం గోదాముకు చేరేలోపు బస్తాలో ఎంత కారిపోతుందో అన్నీ చెప్పాను. అతను ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాడు. చివరి రెండు రోజులు లోడింగుని ఫోనులో రికార్డు చేశాడు. సరిగ్గా వినపడాలని, బస్తాలు ఎత్తే కలాసీలను అంకెలు గట్టిగా పిలవమన్నది నేనే.

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మా వైపు ధాన్యం కొలిచినా, ఉప్పు ఎత్తినా మొదటిదాన్ని ఒకటి అనం. లాభం అంటాం. లాభం, రెండు, మూడు. ఒకటితో మొదలుపెడితే ఆ ఒకటే ఒంటరిగా మిగిలిపోతుందని పెద్దల భయం. అది చెప్పాల్సిన విషయమని నాకు తోచలేదు.

నెల తర్వాత విజయనగరం ఆఫీసులో గోడ మీద ప్రణాళిక చూపించారు. షావుకారు మధ్యలో, నేను తలుపు దగ్గర. పదకొండో పేజీ పేరు ‘లోడింగులో తేడాలు’. లారీకి రెండు వందల నలభై బస్తాలని పుస్తకంలో ఉంది. రికార్డులో పిలిచిన అంకెలు రెండు వందల ముప్పై తొమ్మిది. లాభం అనే పేరుతో లారీకి ఒక బస్తా లెక్కలోకి రాకుండా పక్కకు పోతోంది. బాధ్యులు, లెక్క చూసే వ్యక్తి. అక్కడ లెక్క చూసే వ్యక్తి ఒక్కడే.

నేను లేచి సంగతి చెప్పాను. కన్సల్టెంటు ఓపిగ్గానే విన్నాడు. ఇది ఎక్కడైనా రాసి ఉందా అని అడిగాడు. లేదన్నాను. కాటా చీటీలతో నిరూపించవచ్చా అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకంటే బాగా ఎవరికీ తెలియదు. గోదాములో బస్తాలు లెక్కపెట్టరు, తూకమే చూస్తారు. పన్నెండు టన్నుల్లో ఒక బస్తా అంటే యాభై కిలోలు. తడి ఉప్పు దారిలో కార్చేదే అంతకంటే ఎక్కువ. కాటా నన్ను కాపాడదని నా నోటితోనే ఒప్పుకున్నాను.

అప్పుడతను షావుకారు వైపు తిరిగి, ఈ పద్ధతి మీకు తెలుసా సార్ అని అడిగాడు.

నా గుండె కుదుటపడింది. తండ్రి ఉన్న రోజుల్లో ఈ షావుకారు కూడా తలకు తువ్వాలు చుట్టుకుని నా పక్కనే నిలబడి బస్తాలు పిలిచినవాడే. అందరికంటే గట్టిగా ‘లాభం’ అని అరిచేవాడు.

“మా నాన్నగారి టైములో ఉండేదేమో. నాకు సరిగ్గా తెలీదు” అన్నాడు, పట్నం తెలుగులో.

పన్నెండో పేజీకి వెళ్లిపోయారు.

అందరూ వెళ్లాక మెట్ల దగ్గర ఆయన్ని ఆపాను. నా మొహం చూడకుండానే మాట్లాడాడు.

“ఏట్రా అలా సూస్తావు? ఈ ప్లాను బేంకోల్ల దగ్గరకి ఎల్తాది. ఒకటిని ఒకటనడం మాకు రాదని ఆల్లకి సెప్పుకోమంటావా?”

“నన్ను దొంగన్నారు బాబూ.”

“దొంగని ఎవుడన్నాడు? తేడా అన్నాడు.”

“తేడా నా పేరు మీదున్నాది. మీకు తెలిసే ఊరుకున్నారు.”

“తెలుసు లేరా. రాసినోడితో మాటాడతాను, ఎల్లు.”

మాట్లాడాడు. ఆ మాట తప్పలేదు. వారం తిరగకుండా కొత్త ప్రతి వచ్చింది. పదకొండో పేజీలో బస్తా పోతోందన్న వాక్యం తీసేశారు. దాని స్థానంలో ఇలా ఉంది: ‘లెక్క చూసే వ్యక్తికి తగిన శిక్షణ లేనందున లెక్కింపులో పొరపాట్లు జరుగుతున్నాయి. లెక్కపెట్టే యంత్రాలు వచ్చేవరకు అతనికి శిక్షణ ఇవ్వాలి.’ దొంగతనం అని ఉంటే నిలబడి వాదించేవాణ్ని. దీని మీద ఏం వాదించను? శిక్షణ లేదన్నది నిజమే. పొరపాట్లన్నదే అబద్ధం. ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

కలాసీల మేస్త్రికి ఈ సంగతి ఎలాగో తెలిసింది. “ఏటి మావా, ఒకటి రాకుండానే ఇరవయ్యారేళ్లు లెక్క కట్టీసినావా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వులో తప్పు లేదు.

శిక్షణ ఒక పూట జరిగింది. ఒకటి నుంచి వంద దాకా గట్టిగా చదివించి, హాజరు కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. షావుకారు వచ్చి నా పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అది కూడా బ్యాంకుకే వెళ్లిందట.