ముగ్గుతో కట్టిన హాలు

మా పెద్ద సారుకు ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క సొంత కట్టడం కూడా లేదు. సొంతమంటే సొంతిల్లని కాదు. తన బుర్రలో పుట్టి, తన చేత్తో గీస్తే నేల మీద లేచి నిలబడిన కట్టడం. పేరుకు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. చేసిందల్లా పైవాళ్లు గీసిన ప్లాన్లలో మరుగుదొడ్లు ఇరికించడం, మెట్లు ఎక్కడ తిరగాలో తేల్చడం, వాళ్లు మరిచిపోయిన కిటికీలు పెట్టడం. ఉగాది దాటితే రిటైర్మెంటు. అలాంటి మనిషి చేతికి, ఎనభైల మొదట్లో, తిరుపతికి ఒక పెద్ద హాలు గీసే పని వచ్చింది.

నేనప్పుడు అదే ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్ని. చంద్రగిరి పక్కన మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. సారు పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో దిద్దడం, తప్పు పోతే బ్లేడుతో గీకడం నా ఉద్యోగం. మొదటి ఏడాది గీకుడే ఎక్కువ. సారు ఒక్కరోజు కూడా కసరలేదు. మధ్యాహ్నం తన పెరుగన్నంలోకి తెచ్చుకున్న మాగాయ ముక్క నా డబ్బా మూతలో వేసి, "తినుమ్మా, చెయ్యి వణకదు" అనేవాడు. మాగాయకూ చేతి వణుకుకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, నా గీతలు మాత్రం కుదురుకున్నాయి.

అప్పట్లో తిరుపతిలో సభ పెట్టాలంటే కల్యాణ మండపం ఖాళీ ఉండాలి. ముహూర్తాల రోజుల్లో అది దేవుడడిగినా దొరకదు. ఎగ్జిబిషనైతే మైదానంలో డేరాలు. ఒకసారి గాలివానకు డేరాలు లేచిపోయి, కలంకారీ గుడ్డలూ బెల్లం దిమ్మెలూ కలిసి ఒకటే పాకమయ్యాయి. అప్పుడు ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి, సభలకూ ఎగ్జిబిషన్లకూ పనికొచ్చేలా తిరుచానూరు రోడ్డులో ఒక పెద్ద హాలు కట్టాలని తీర్మానించారు. అధ్యక్షుడు ఒక బెల్లం మండీ ఆసామి. ఆయన మనసంతా మద్రాసు కంపెనీ మీదే ఉండేది. "మద్రాసోళ్లయితే అంతా అద్దాలతో కడ్తారంటప్పా" అని వచ్చినప్పుడల్లా అనేవాడు. మా ఇంజనీరు గారు బతిమాలి ఒక్క అవకాశం సంపాదించారు. ముందు మా సారు ప్లాను చూడాలి, నచ్చకపోతే పని మద్రాసుకు పోతుంది.

సారుది ఒక పద్ధతి. కాగితం మీద ఎవరికీ ఏమీ కనబడదని ఆయన గట్టి నమ్మకం. "కాగితంలో అన్నీ బాగనే ఉంటాయిమ్మా. కాలు పెడితే గదా తెలిసేది" అనేవాడు. పునాది తవ్వేముందు నేల మీద సున్నంతో గీతలు పోయడం అందరూ చేసేదే. సారు మాత్రం ప్లాను ఖాయం కాకముందే, హాలు కట్టబోయే ఖాళీ జాగాలో దాన్ని మొత్తంగా అసలు కొలతలతో ముగ్గుపిండితో గీయించాడు. గోడ ఉండేచోట గీత, తలుపు ఉండేచోట సందు. ఒకపక్క సభ జరిగే హాలు, దాని పక్కనే పొడుగ్గా ఎగ్జిబిషన్ హాలు. తూర్పున లోపలికి, రెండువైపులా దుకాణాలు చూసుకుంటూ పడమర నుంచి బయటికి. ఒకరికొకరు ఎదురు రాకుండా జనం కాలవ నీళ్లలా పోతారని ఆయన ఆలోచన.

కమిటీ చూడ్డానికి వచ్చే శుక్రవారం నాడు మనుషులు కావాలన్నాడు సారు. నేను మా ఊరి ఆడవాళ్లను మా అమ్మతో సహా బస్సెక్కించి తెచ్చాను. ఆఫీసువాళ్ల ఇళ్లలోంచీ జనం వచ్చారు. దుకాణాలకు బదులు గుమ్మడికాయలు, బెల్లం దిమ్మెలు, ఇత్తడి పళ్లాలు అక్కడక్కడా పెట్టాం. ఆఫీసు బంట్రోతులు పోసిన గీతలు చూసి మా అమ్మ ముఖం చిట్లించింది. "ఇది గోడనా, వానపాము పోయిన దోవనా?" అని అందరికీ వినబడేలా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం నవ్వాడు.

గీతలను జనం గోడలనుకుంటారా, తొక్కుకుంటూ పోతారా అని ఇంజనీరు గారికి బెంగ. ఆ బెంగ అక్కర్లేకపోయింది. ముగ్గు తొక్కకూడదని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్లం. ఒక్క మనిషి గీత దాటితే ఒట్టు. నిజం గోడలకు కూడా జనం అంత మర్యాద ఇవ్వరు.

వచ్చిన చిక్కు వేరే. శుభమా అని మొదలుపెడుతున్నాం కదాని సారు తూర్పు సందు దగ్గర పీట వేసి, వెంకన్న పటం పెట్టి, దీపం వెలిగించాడు. అసలు హాల్లోనూ అక్కడ దీపస్తంభం ఉండాలనే ఆయన ఉద్దేశం. మా వైపు దీపం కనబడితే చెప్పులు వాటంతట అవే ఊడతాయి. అందరూ తూర్పున చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, లోపలికి పోయారు. గుమ్మడికాయలు చూశారు, బెల్లం గిల్లి నోట్లో వేసుకున్నారు, పడమర సందు దాకా వచ్చారు. బయట చూస్తే పల్లేరు ముళ్లు. కింద చూస్తే ఉత్త కాళ్లు. అందరూ గిరుక్కున వెనక్కి తిరిగారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, చెప్పుల కోసం పోయేవాళ్లు పోతున్నారు. గీత తొక్కకూడదాయె, పక్కకు జరగడానికి లేదు. ఒక పెద్దాయన గుమ్మడికాయ మీద కూలబడ్డాడు.

అధ్యక్షుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "చాల్లేప్పా. రిటైరయ్యే మనిషి, పాపం. మద్రాసోళ్లకి రాసేస్తాం" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి నవ్వు మీద నాకు ఈరోజుకీ కోపమే. ఇంజనీరు గారు ఎలాగో నచ్చజెప్పి వచ్చే శుక్రవారం దాకా గడువు తెచ్చారు.

కమిటీ కార్లు వెళ్లిపోయాయి. సారు ముగ్గుపిండి బస్తా మీద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. రోజంతా బూట్లూ చెప్పులతోనే ఆఫీసులో తిరిగే మనుషులం, ఒక్కరికీ చెప్పుల సంగతి తట్టలేదు. గుడి ఊళ్లో ఉంటూ చెప్పులు మరిచిపోయాం. మా అమ్మ ఆ చెప్పుల కుప్పలో తన జత వెతుక్కుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఏందప్పా మీరు, ఈ పక్క తోసి ఆ పక్క పారేస్తాండారు జనాన్ని? గుళ్లో దేముని సుట్టూ తిరిగితే మళ్లా మొదులుపెట్టిన కాడికే వస్తాం గదా. అట్ల గీస్తే కాదా?"

 సారు లేచి ముగ్గు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే గీయమ్మా. నేను కొలత చెప్తా" అన్నాడు.

వారం రోజులు నేను ఆ జాగాకే పోయాను. సభ జరిగే హాలు మధ్యకు వచ్చింది, గర్భగుడిలా. దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు ఎగ్జిబిషన్ దోవ. పోయే తలుపూ వచ్చే తలుపూ పక్కపక్కన, వాటి మధ్య దీపం, దీపం ముందర చెప్పులకు వెడల్పాటి అరుగు. మూలలు తిరిగేచోట మా అమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ తాడు లేకుండా, వేళ్ల సందుల్లోంచి పిండి జారవిడుస్తూ వంపులు పోశారు. సారు టేపు పెట్టి చూసి, మళ్లీ చూసి, "అంగుళం తేడా లేదే!" అని నా వైపు తిరిగాడు. నా బ్లేడు గీకుళ్లు గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

శుక్రవారం అధ్యక్షుణ్ణి కూడా నడవమన్నాడు సారు. ఆయన కిర్రుచెప్పులు విడిచి, దండం పెట్టి, చుట్టూ తిరిగాడు. బెల్లం దగ్గర ఆగి మాది నాసిరకమని తేల్చాడు. బయటికొచ్చి చూసుకుంటే చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. కాళ్లు దూర్చుకుంటూ, "సరేలేప్పా, మద్రాసుకు ఉత్తరం ఆపేయండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసులో సారు కొత్త షీటు పరిచి, పెన్సిలు చెక్కి, ప్లాను మొదలుపెట్టకముందే షీటు మూలనున్న గడిలో, 'గీసినవారు' అన్నచోట, తన పొడి అక్షరాలు రాసుకున్నాడు. రాసి కాసేపు చూసుకున్నాడు. ఆ షీటుకు ట్రేసింగ్ చేసింది నేనే. ఒక్క గీకుడు కూడా పడలేదు.

హాలు లేచేసరికి సారు రిటైరై రెండేళ్లు దాటింది. ప్రారంభం రోజు, రిటైరయ్యాక ఉంటున్న కార్వేటినగరం నుంచి బస్సులో వచ్చాడు, ఖద్దరు చొక్కా, ఇంట్లో వేసుకునే తోలు చెప్పులు. నేనూ అమ్మా గేటు దగ్గర కలిశాం. తెర తీసిన రాతి మీద మంత్రిగారి పేరు, అధ్యక్షుడి పేరు, కమిటీ అందరి పేర్లు, కాంట్రాక్టరు పేరు కూడా ఉన్నాయి. సారు ఆ రాతిని పైనుంచి కిందికి నిదానంగా చదివాడు. ఆయన పేరు లేదు. పోయి అధ్యక్షుణ్ణి అడుగుతానని నేను కదిలితే, "గమ్మున ఉండుమ్మా. లోపలికి పోదాం పా" అని చెయ్యి పట్టుకున్నాడు.

అరుగు మీద చెప్పులు విడిచి, దీపానికి దండం పెట్టుకుని, ఎగ్జిబిషన్ చుట్టూ తిరిగాం. ఎవరూ ఎవరికీ ఎదురు రాలేదు. సారు బొమ్మలు చూడలేదు, గుడ్డలు చూడలేదు. జనం కాళ్లనే చూస్తూ నడిచాడు.

బయటికొచ్చాం. నా చెప్పులున్నాయి, అమ్మవున్నాయి. సారువి లేవు. అరుగంతా వెతికాం. ఎవడో వేసుకుపోయాడు. రాతి మీద పేరు లేదు, కాలికి చెప్పులూ లేకుండా పోయాయని నేను వాపోయాను. ఆయన వినలేదు. మా అమ్మ వైపు తిరిగాడు.

"గుళ్లో చెప్పులు పోతే శని వదిలిందంటారు. బయట పోతే దొంగతనమంటారు. మరి ఇదేందిమ్మా, గుడా, బయటా?"

మా అమ్మ తన చెప్పులు తొడుక్కుంటూ, అడగాల్సిన సంగతే కాదన్నట్టు, "గుడే గదప్పా, ఇంకేంది?" అంది.

సారు ముఖం ఎలా అయిందో నేను చెప్పలేను. రిక్షా పిలుస్తానంటే వద్దన్నాడు. మిట్టమధ్యాహ్నం, కాలుతున్న తారు రోడ్డు మీద, నీడ నుంచి నీడకు గంతులేసుకుంటూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి తన హాలును చూసుకుంటూ బస్టాండుకు నడిచి వెళ్లాడు.