సాగదీయని ‘మస్తు’

మా భూములు పోయాయి గాని బాపు వెటకారం పోలేదు. ఆయన ఎవరినీ తిట్టడు, మెచ్చుకుంటాడు. ‘మస్తు’ను సాగదీసి, కండువా సర్దుకుని మెచ్చుకున్నాడంటే మేడ్చల్‌లో ఎంతటివాడైనా తల దించుకోవలసిందే.

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో మా చిన్నబాపు శామీర్‌పేట రోడ్డు మీద పాల దుకాణం పెట్టబూనాడు. పెద్దింటి మనిషి గిరాకీలకు పాలు కొలిచి పోయడమేమిటని బాపు తమ్ముడితో మాటలు బంద్ చేశాడు. అప్పుడు తుర్కపల్లి ల్యాబులో పనిచేసే చిన్నబాపు కూతురు నాకు మెయిల్ రాసింది. దుకాణం తెరిచేలోపు పెద్దబాపు ఒక్క మంచిమాట అంటే తండ్రికి అదే పదివేలని.

చదివి వినిపించాను. బాపు గోడకు ఆనకుండా కూర్చుని జవాబు చెప్పాడు.

“మస్స్‌తు మంచిగ జేసినవ్ తమ్మీ, ఇంటి పేరు నిలవెట్టినవ్ అని రాయి.”

నెట్ సెంటర్‌లో ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ ఆగిపోయాను. ఆ సాగదీత ఎట్లా పెట్టాలి? నాలుగు ఎస్సులు వేస్తే అచ్చుతప్పులా కనిపించింది. సెంటర్ నడిపే ఆయన చూసి, చివర నవ్వు మొహం పెడితే ఎగతాళి అని తెలుస్తుందన్నాడు. మా ఇంటి మాటకు బొమ్మ సాయమా? ఆ గొంతు వింటూ పెరిగిన తమ్ముడికి అర్థం కాకపోతుందా? మామూలు ‘మస్తు’ కొట్టి పంపేశాను.

మరునాడు పొద్దున్నే చిన్నబాపు స్టీలు గిన్నెలో జున్ను పట్టుకుని వచ్చాడు. బిడ్డతో ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదివించుకున్నాడట.

“తిడ్తవనే అనుకున్న అన్నా. నువ్వు గీ మాట అంటవనుకోలే.”

నిజంగానే మెచ్చుకున్నాడని నమ్మేశాడు. బాపు ఒక్కసారి కండువా సర్దితే చాలు, తమ్ముడికి అంతా తెలిసిపోతుంది. మళ్లీ ఈ గడప తొక్కడు. బాపు చెయ్యి కండువా దాకా వెళ్లింది. తమ్ముడి మొహం చూస్తూ అక్కడే కాసేపు ఆగింది. తర్వాత కిందికి దిగి గిన్నె అందుకుంది.

“మస్తు మంచిగ జేసినవ్ తమ్మీ,” అన్నాడు.

పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటను అప్పుడే మొదటిసారి విన్నట్టు నిలబడిపోయాను. ఎక్కడా సాగలేదు. మెయిల్‌లో నేను కొట్టినట్టే, ఒక్క అక్షరం ఎక్కువ లేకుండా అన్నాడు.