గ్లాసు చప్పుడుకి వచ్చిన చేపలు

నాన్న అడిగితే నేర్పాను. నేను చేసిన తప్పు అదే.

తొంభైల్లో సికింద్రాబాదు శివార్లలో, యాప్రాల్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. తన ఆఫీసరుగారిని భోజనానికి పిలిచి నాన్న శామీర్‌పేట నుంచి బతికున్న కొర్రమీను చేపలు మూడు తెచ్చారు. ఆఫీసరుగారు ఉన్నట్టుండి టూరు వెళ్ళడంతో విందు రెండు వారాలు వెనక్కి జరిగింది. చేపలు పెరట్లో సిమెంటు తొట్టిలోనే ఉండిపోయాయి.

స్టీలు గ్లాసుతో తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టి వానపాము వేసేదాన్ని. ఒకటి రెండో రోజుకే చప్పుడు వినగానే పైకి వచ్చేసింది, బెరుకన్నదే లేదు దానికి. రెండోది దాని వెనకాలే తిరిగి నాలుగు రోజుల్లో నేర్చుకుంది. మూడోది తొట్టి అడుగున పడున్న ఇటుక చాటు నుంచి కదిలితే ఒట్టు. దాన్ని మొద్దు అనేదాన్ని.

పాలు పోసే పెద్దమ్మ తొంగి చూసి నవ్వింది. "గది మొద్దు గాదు బిడ్డా, దానికి భయం. ధైర్యమున్నది జల్దీ నేర్సుకుంటది. గిదేమో అన్నీ సూస్తాంది."

నేను వినిపించుకోలేదు. నాకు ఆ హుషారుదే ఇష్టం.

ఒక సాయంత్రం నాన్న నా పక్కన కూర్చుని, "ఏదీ, నాకూ నేర్పు అమ్మడూ" అన్నారు. ఎంత పొంగిపోయానో! చెయ్యి పట్టుకుని మరీ నేర్పాను. "వీటిని వండరు కదా?" అంటే, "ఇంత తెలివైనవాటిని ఎవరైనా వండుతారా!" అని తల నిమిరారు.

శనివారం బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా పులుసు వాసన. ఆఫీసరుగారు చేతులు కడుక్కుంటున్నారు. తొట్టి దగ్గరికి పరుగెత్తాను. ఇటుక చాటున మొద్దు ఒక్కటే ఉంది.

"మా అమ్మాయి శిక్షణండీ," నాన్న గొప్పగా చెబుతున్నారు. "గ్లాసు కొడితే వాటంతటవే చేతిలోకి వచ్చాయి. వలతో పనే లేకపోయింది."

నన్ను మోసం చేశారు, సరే. నా చప్పుడుతోనే వాటినీ మోసం చేశారు. పైగా మెచ్చుకోలు! ఒళ్ళు మండిపోయింది.

అందరూ వెళ్ళాక ఏడుస్తూ గ్లాసుతో మూడుసార్లు కొట్టాను. ఇన్నాళ్ళూ రాని మొద్దు మెల్లగా ఇటుక దాటి పైకి వచ్చింది. చాటున ఉండే నేర్చుకుందన్నమాట. అరచేత్తో నీళ్ళ మీద ఫట్మని కొట్టాను. బెదిరి దాక్కుంది. మళ్ళీ గ్లాసు, మళ్ళీ అరచెయ్యి. ఇక ఆ చప్పుడు విన్నా రాకుండా ఉండేదాకా అదే పాఠం.

ఇంతలో లోపల్నుంచి నాన్న, "అమ్మడూ, అన్నానికి రా తల్లీ" అని ఎంతో ముద్దుగా పిలిచారు.

నేను కదల్లేదు.