కొండ మీది నాచు

చింతకాయలు ఏరుకుంటున్న జుమ్రియా పిక్కను ఓరా పట్టుకుంది. ఓరా అంటే కొమోడో దీవిలో మనిషిని మించిన ఉడుము. మరిది మహాదున్ కర్రతో మోది విడిపించాడు. మర్నాడు ఓరాలకు సర్కారు పెట్టిన కాపలావాళ్లు వచ్చి, "కర్ర దానికెక్కడ తగిలింది?" అని అడిగారే తప్ప ఆమె కాలి వంక చూడలేదు.

అయినా ఆమె ఓరాను ఒక్క మాట అనలేదు. ఓరా, మనిషి ఒక తల్లి కడుపున కవలలుగా పుట్టారని ఆ దీవివాళ్ల నమ్మకం. తోడబుట్టినవాడు కరిస్తే ఎవరితో చెప్పుకోవాలి?

ఎండాకాలం ఊరి బావులు ఉప్పెక్కుతాయి. జుమ్రియా కుంటుకుంటూనే కొండెక్కి, మబ్బు తాకే చోట నాచు పట్టిన బండల కింద బిందె పెట్టేది. చుక్కచుక్కగా అది నిండేదాకా ఆ మెత్తటి పచ్చదనానికి వీపు ఆనించి కూచునేది. మొగుడు పోయాక ఆమెను ఎవరూ పలకరించి విసిగించని చోటు అదొక్కటే.

ఒక ఏడు జావా నుంచి మొక్కల చదువు చదివినావిడ వచ్చింది. నాచును భూతద్దంలో చూసి, "ఇది మీ ఓరాకన్నా అరుదమ్మా. ఈ బండలు పోతే ఇక లేనట్టే" అంది.

"అయితే దీనికీ కాపలా పెట్టించండి."

ఆవిడ నిట్టూర్చింది. "నాచును చూడ్డానికి పడవలెక్కి ఎవరొస్తారమ్మా?"

పై ఏడాది ఎవరో కంపెనీవాళ్లు, పైనుంచి ఓరాలను చూపించడానికి కొండకు మెట్లు కట్టారు. వచ్చినవాళ్లు జారిపడతారని బండలన్నీ పారలతో గీకించారు. గీకినవాళ్లలో మహాదున్ ఒకడు.

"నీకు చేతులెలా వచ్చాయయ్యా?" అని నిలదీసింది జుమ్రియా.

"ఓరాను ముట్టుకుంటే జైలు వదినా. నాచును గీకితే అడిగేదెవరు?"

"నేను లేనూ?"

"నువ్వా? నిన్ను కరిచిననాడే నిన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నీ మాటెవరికి కావాలి?"

జుమ్రియా అతన్ని దాటుకుని వెళ్లింది. గీకిన కుప్పలోంచి పచ్చిగా ఉన్న పెళ్లలు ఏరి, తలగుడ్డలో మూటకట్టి ఇంటికి తెచ్చింది. కుండపెంకులో పరిచి, తాగే నీళ్లలోంచి మిగిల్చి చిలకరించింది. సముద్రపు గాలికి నాచు పీచులా ఎండిపోయింది. మిగిలింది కోళ్లు కెలికేశాయి.

నాచు పోయాక ఇప్పుడు బండల నుంచి నీళ్లు కారడం లేదు. ఎండాకాలం నీళ్లు పడవలో వస్తున్నాయి. ఓ రోజు మహాదున్ ఆమె బిందె మోసుకొచ్చి గుమ్మంలో దించాడు.

"పైన అరుగు కట్టారు వదినా, ఓసారి రారాదూ? ఓరాలు భలే కనిపిస్తాయి."

జుమ్రియా బిందె లోపలికి లాక్కుని, అతని మొహం మీదే తలుపు వేసేసింది.