పాపకు బియ్యం పడలేదు

మాది సిరిసిల్ల. పాపకు ఆరు నెలలు నిండేనాటికి కోరుట్లలో అద్దెకుండేవాళ్లం. నా భార్య జగిత్యాలలో ఉద్యోగానికి వెళితే, ఇంట్లోనే కంప్యూటర్ పని చేసుకునే నేను పాపను చూసుకునేవాణ్ని. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లెవరూ లేరు.

మొదటిసారి బియ్యం ఉగ్గు తినిపించినప్పుడు పాప హాయిగా ఆడుకుంది. రెండు గంటల తర్వాత వాంతులు మొదలై ఆగలేదు. కొన్నాళ్లకు మళ్లీ పెడితే మళ్లీ అంతే. ఉగ్గు పడటం లేదేమోనని ఫోన్లో అమ్మతో అంటే నవ్వింది.

"బియ్యం పడనోళ్లుంటరా కొడుకా? దిష్టి తాకింది. మగోనివి, నీకేమెరుక?"

నా అనుమానం మీద నాకే నమ్మకం పోయి మూడోసారి తినిపించాను. ఈసారి వాంతుల తర్వాత పాప పాలిపోయి, పిలిచినా కళ్లు తెరవలేదు. ఒళ్లంతా వాలిపోయిన పాపను ఎత్తుకుని ఆటోలో ఆస్పత్రికి వెళ్లాను. నా భార్య ఫోను కలవలేదు. అక్కడ ఎవరు చూసినా "తల్లేది?" అనే అడిగారు.

సెలైన్ పెట్టాక పిల్లల డాక్టరమ్మ మాత్రం "ఏం తినవెట్టిండ్రు? ఎంతసేపైంది?" అని అడిగారు. మూడుసార్ల సంగతీ, నా అనుమానమూ చెప్పాను.

"మీరనుకున్నదే నిజం. కొందరు పసిపిల్లలకు గీ అలర్జీ తిన్న గంటలకు బయటవడ్తది. ఉగ్గు బంద్ వెట్టుండ్రి" అన్నారు.

పాప కోలుకుంది. కాస్త పెద్దయ్యాక డాక్టరమ్మ ఎదుటే బియ్యం మళ్లీ మొదలుపెట్టాం, ఇప్పుడు అన్నం తింటోంది. ఆ రోజు మాత్రం అందరి ముందూ ఏడ్చేశాను. అన్ని వారాల్లో నన్ను చివరిదాకా మాట్లాడనిచ్చింది ఆమె ఒక్కరే.