డాష్‌బోర్డు మీద టీ

టె అనావు ఊళ్లో నోలీన్ హాస్లెట్ పేరు చెబితే కుర్ర డ్రైవర్లు ఇప్పటికీ సర్దుకుని కూర్చుంటారు. ఇరవై ఆరేళ్లపాటు ఆవిడ ఆ ఊరి నుంచి కొండలు దాటించి కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ, మిల్‌ఫర్డ్ ఫియోర్డు దాకా టూరిస్టు బస్సు నడిపింది. మంచు పడినా, వాన దంచికొట్టినా, బస్సుకి ఒక్క గీత పడలేదు. ఆ మాట ఎవరైనా మెచ్చుకోలుగా అంటే, "గీత పడకపోతే గొప్పేంటి, రోడ్డు వేసిందే అందుక్కదా" అంటుంది. వినయం ఆవిడకు పడదు. అలాగని గొప్పలకూ పోదు, ఉన్నదున్నట్టు అనేస్తుంది.

ఆవిడ రిటైరై తొమ్మిదేళ్లయినా, బస్సుల యజమాని నెవిల్ హాగర్ట్ కొత్త డ్రైవర్ని పెట్టుకోవాలంటే ముందు ఆవిడ దగ్గరికే పంపుతాడు. పరీక్ష ఒకటే. పాత రేకు కప్పులో అంచుకు వేలెడు తక్కువగా టీ పోసి, కింద తడిగుడ్డ పరిచి, డాష్‌బోర్డు మీద పెడుతుంది. అక్కణ్ణుంచి ఫియోర్డుకి నూట ఇరవై కిలోమీటర్లు, సగం మలుపులే. చేరాక ఆ చల్లారిన టీ తాగేసి ఊఁ అనో ఊహూఁ అనో అంటుంది. టీ ఒలికిందా, ఉద్యోగం గోవిందా అని ఊరంతా నమ్మకం.

ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ కొడుకు గ్రేమ్ కూడా ఆ పరీక్ష ఇచ్చాడు. కొండ దిగువన రోడ్డుకు అడ్డంగా ఆగిపోయిన ఎర్ర కారుని సైతం బ్రేకు తొక్కకుండా, పాదరసంలా పక్కనుంచి దాటేశాడు. చుక్క ఒలకలేదు. తల్లి టీ తాగింది, ఇంటికొచ్చి నెవిల్‌తో "వీడొద్దు" అంది. ఎందుకని గ్రేమ్ అడగలేదు. అడిగితే చులకనైపోతానని అనుకున్నాడు. మోస్‌బర్న్ అనే పల్లెకి పోయి ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ స్థిరపడ్డాడు. అమ్మతో రాకపోకలు మానలేదు, నవ్వడమూ మానలేదు. కానీ ఆ ఎర్ర కారు కథ మాత్రం భార్యకు వందసార్లు చెప్పాడు, తన పనితనానికీ తల్లి అన్యాయానికీ అదే సాక్ష్యమన్నట్టు.

ఇప్పుడు అతని కూతురు మోర్వెన్‌కి ఇరవై మూడేళ్లు. బస్సు లైసెన్సు తెచ్చుకుంది. నెవిల్ దగ్గర ఖాళీ ఒక్కటే ఉంది. శనివారం అందరం కలిసి ఫియోర్డుకి పోదాం, బండి నువ్వే నడుపు అని నాయనమ్మ ఫోన్ చేసింది. తనకు జరిగిందే పిల్లకూ జరిగితే ఇంక ఆ గడప తొక్కేది లేదని గ్రేమ్ భార్యతో తెగేసి చెప్పాడు.

శనివారం వాన. నోలీన్ ముందు సీట్లో, ఎదురుగా టీ. వెనక గ్రేమ్, అతని పక్కన నోలీన్ అక్క వాల్మాయి. ఈ వాల్మాయి నోట్లో నువ్వుగింజ నానదు. చీజు రాసి చుట్టి కాల్చిన రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఊరి పక్క సరస్సు దాటేలోపే నెవిల్ రెండో పెళ్లి సంగతి, పక్కింటివాళ్ల గొర్రెల సంగతి పూర్తిచేసింది. లోయలో పసుపు గడ్డి తడిసి మెరుస్తోంది. వాన పడితేనే ఆ కొండలకు కళ. ఎండ రోజు వచ్చి ఫొటోలు తీసుకుపోయేవాళ్లని చూస్తే నోలీన్‌కి జాలి. మోర్వెన్ మాత్రం దేన్నీ చూడడం లేదు. గేర్లతోనే బండిని ఆపుకుంటూ, మలుపు మలుపుకీ ఊపిరి బిగబడుతోంది. కప్పులో టీ అంచుదాకా పాకి వెనక్కి జారుతోంది.

సొరంగం ముందు ఎర్ర లైటు పడింది. ఆగిన బండ్ల మీద కియా అనే కొండచిలకలు వాలి, ఒకటి వైపరు రబ్బరు పీకడం మొదలుపెట్టింది. వాల్మాయి అద్దం దించి దాన్ని తిట్టింది. అది రొట్టె కోసం ముక్కు లోపలికి పెట్టింది. అందరూ నవ్వారు, గ్రేమ్ తప్ప. అతని చూపంతా కప్పు మీదే ఉంది.

సొరంగం దాటగానే కొండ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. రాతిగోడల నిండా జలపాతాలు. రెండో మలుపు తిరిగేసరికి తెల్లటి అద్దె వ్యాను ఒకటి నడిరోడ్డున ఆగి ఉంది, అందులోవాళ్లు దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. దాని ముందు మరో మలుపు, అవతల ఏముందో కనపడదు. కుడిపక్క రోడ్డు ఖాళీ. స్టీరింగు కాస్త తిప్పితే చాలు, టీ కదలదు. గ్రేమ్ చేతులు వాటంతటవే తిరిగినంత పనిచేశాయి.

మోర్వెన్ బ్రేకు తొక్కింది. కప్పు ఎగిరి, టీ అంతా నాయనమ్మ ఒళ్లో పడింది.

మోర్వెన్ మెల్లగా లైట్లు వెలిగించి, హారన్ కొట్టి, కదలకుండా కూర్చుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అప్పుడు ఎదుటి మలుపులోంచి పెద్ద బస్సొకటి, నలభై మందితో, ఆ ఖాళీ కుడిపక్క నుంచి పైకి వచ్చి వాళ్లను దాటుకుని వెళ్లిపోయింది. డ్రైవరు నోలీన్‌ని చూసి పలకరింపుగా స్టీరింగు మీంచి ఒక వేలెత్తాడు. ఈవిడా వేలెత్తింది.

గ్రేమ్ వెనక్కి తిరిగి ఆ బస్సునే చూశాడు. ఆ రోజు ఎర్ర కారు దగ్గర, ఇలాంటి మలుపులోనే, ఎదురుగా ఎవరూ రాలేదు. రాలేదు, అంతే.

ఫియోర్డు ఒడ్డున ఆగగానే నోలీన్ తడిసిన స్కర్టు దులుపుకుని నెవిల్‌కి ఫోన్ చేసింది. "సోమవారం నుంచి పిల్లని పెట్టుకో" అని పెట్టేసింది. మోర్వెన్ నమ్మలేక వాల్మాయిని వాటేసుకుంది. గ్రేమ్ మాత్రం తల్లి వెనకే నీళ్ల దాకా నడిచాడు. నల్లటి నీళ్లు, వాటిలోంచి నిలువునా లేచిన కొండలు, మెడమీద కుట్టే చిన్న ఈగలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అతనికి అడగడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

"ఆ రోజు నన్నెందుకు వద్దన్నావమ్మా?"

"ఆ రోజు నా గుండె ఆగిపోయిందిరా," అంది నోలీన్. "టీ మాత్రం ఒలకలేదు. టీ కోసం అవతలివైపుకి పోయినవాడి చేతికి జనాన్నెలా అప్పగించేది?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"నువ్వడిగితే చెబుదామనుకున్నా." ఆవిడ ఈగను కొట్టుకుంది. "నువ్వు అడగవు, నేను చెప్పను. నీ మొండితనం ఎవరిదనుకున్నావు? అది నా తప్పేరా. కుదురుగా కూర్చోబెట్టి చెప్పి ఇంకోసారి నడిపించాల్సింది."

తల్లి నోట నా తప్పు అన్న మాట గ్రేమ్ పుట్టాక వినడం అదే మొదటిసారి. ఆవిడ భుజం మీద చెయ్యేశాడు. ఆవిడ కాసేపు అలాగే ఉండనిచ్చింది.

తిరుగుప్రయాణానికి నోలీన్ తాళాలు మోర్వెన్‌కి ఇవ్వలేదు, గ్రేమ్ అరచేతిలో పెట్టింది. ఫ్లాస్కులోంచి రేకు కప్పు నిండా టీ పోసి, గుడ్డ పరిచి, డాష్‌బోర్డు మీద నిలబెట్టి, పక్క సీట్లో కూర్చుంది. గ్రేమ్ ఆ కప్పు వంక కాసేపు చూశాడు. తర్వాత అందుకుని, వేడివేడిగానే అడుగుదాకా తాగేసి, ఖాళీ కప్పు అక్కడే పెట్టి బండి స్టార్ట్ చేశాడు.