వెండెల్ స్ట్రాకా దాచిన మాట

వెండెల్ స్ట్రాకా పదకొండేళ్ళు జీతం మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఏడు జట్లు మారాడు. టీవీలో అతని పేరు వినపడింది మాత్రం, నాకు గుర్తున్నంతవరకు, పదిసార్లకు మించదు. అందులో తొమ్మిదిసార్లు అతను తప్పు చేసినప్పుడే.

మా ఆటలో ముందు వరుసలో నిలబడేవాళ్ళ బతుకే అంత. వాళ్ళు బంతి ముట్టుకోరు. వాళ్ళ వెనక బంతి విసిరేవాడు ఉంటాడు. అతన్ని నేలకూల్చాలని అవతలి జట్టువాళ్ళు మీదికి దూసుకొస్తారు. ఆ నాలుగు సెకన్లూ అడ్డంగా నిలబడి కాయాలి. కాస్తే ఎవరికీ కనపడరు. కాయలేకపోతే దేశమంతా చూస్తుంది.

నా పేరు గెయిలెన్. నెబ్రాస్కాలో మా ఊరి హైస్కూల్ జట్టులో వెండెల్ పక్కనే ఆడినవాణ్ణి. ఆ తర్వాత నేను ట్రాక్టర్ టైర్ల దుకాణం పెట్టుకున్నాను. అతను ఆటలోకి వెళ్ళాడు.

వెళ్ళాడంటే పల్లకీలో వెళ్ళలేదు. ప్రతి ఏటా ఎండాకాలం చివర జట్టు శిబిరంలో తొంభైమంది చేరతారు. చివరికి మిగిలేది యాభైచిల్లర. మిగతావాళ్ళకు పొద్దున్నే ఫోన్ వస్తుంది: "నీ పుస్తకం పట్టుకుని పైకి రా." ఆటలో వేసే ఎత్తులన్నీ రాసి ఉన్న పుస్తకం అది, జట్టు సొత్తు. అది తిరిగి ఇచ్చెయ్యమన్నారంటే ఇంటికి పొమ్మన్నట్టే. వెండెల్ ఆ ఫోన్ ఆరుసార్లు అందుకున్నాడు. ఉత్తరాన బఫెలో ఊరి మంచులోనూ ఆడాడు, దక్షిణాన టాంపా ఉక్కలోనూ ఆడాడు. అతని భార్య మార్లిస్ నాలుగో ఊరు వచ్చేసరికి కిటికీలకు తెరలు కొనడం మానేసింది.

"ఎండ కొడితే దుప్పటి కడదాంలే. కొలతలు తీసుకునేలోపు నిన్నెలాగూ పంపేస్తారు" అనేది.

అతను నవ్వేవాడు. నిజానికి ఆ మాట అతన్ని కోసేది.

అతనికి ఆట నేర్పింది కోచ్‌లు కాదు, బాయిడ్ క్రెన్‌షా. రెండో జట్టులో వెండెల్ చేరినప్పుడు, వెండెల్ కోరుకున్న స్థానంలోనే ఆడుతున్న ముప్పైనాలుగేళ్ళవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల వరుసలో నిలబడి ఉండగా బాయిడ్ వెనకనుంచి వచ్చి వెండెల్ కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"ఒరే నెబ్రాస్కా, నీ వేళ్ళు అన్నీ వాగేస్తున్నాయిరా."

"ఏంటి?"

"ఆట మొదలయ్యే ముందు ఈ చెయ్యి నేలకానిస్తావు కదా. ముందుకు తొయ్యాల్సి వస్తే బరువంతా వేళ్ళమీద వేస్తున్నావు. గోళ్ళు తెల్లగా పాలిపోతున్నాయి. వెనక్కి జరిగి కాయాల్సి వస్తే ఊరికే ఆనిస్తున్నావు. గోళ్ళు ఎర్రగానే ఉంటున్నాయి. నీ ఎదుటివాడికి కళ్ళున్నాయి. నువ్వేం చెయ్యబోతున్నావో వాడికి ముందే తెలిసిపోతోంది."

వెండెల్ నాలుగు రోజులు అద్దం ముందు వంగి వంగి సరిచేసుకున్నాడు. ఆ మరుసటి వారం బాయిడ్‌కి ఫోన్ వచ్చింది. అతని స్థానం వెండెల్‌కి ఇచ్చారు. బాయిడ్ బూట్లు సంచిలో వేసుకుని వెండెల్ దగ్గరకొచ్చి చెయ్యి కలిపి, "బాగా తిను, బాగా నిద్రపో" అని వెళ్ళిపోయాడు.

పదో ఏడు వచ్చేసరికి వెండెల్ మోకాలు రెండుసార్లు కోయించుకున్నాడు. ఒక దక్షిణాది జట్టులో చేరాడు. అక్కడికి అదే స్థానం కోసం మిసిసిపీ నుంచి ఈనోక్ టోలివర్ అని ఇరవైమూడేళ్ళవాడు వచ్చాడు. పెద్ద కాలేజీ పేరు లేదు, సిఫార్సు లేదు. మనిషి మాత్రం తలుపంత వెడల్పు. పాదాలు పిల్లి పాదాలు. శిబిరంలో అందరూ వాణ్ణే చూశారు. వెండెల్ కూడా చూశాడు. మూడో రోజు వీడియో చూస్తుంటే అతనికి ఒకటి కనిపించింది. ఈనోక్ గోళ్ళు.

కోచ్‌లు గమనించలేదు. వెండెల్ ఆ వీడియో వెనక్కి తిప్పి మూడుసార్లు చూసి, ఆపేసి, లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు మార్లిస్‌కి ఆరో నెల. ఇదే ఆఖరి మకాం అని ఆమెకు మాటిచ్చాడు. పిల్లలను బళ్ళో వేశారు. ఇవన్నీ నాకు చెప్పి, "అవి కారణాలు కావురా గెయిలెన్. భయం వేసింది, అంతే. ఆట లేకపోతే నేనెవరినో నాకు తెలియదు" అన్నాడు.

ఆఖరి సన్నాహక ఆటలో ఈనోక్‌ని ఎదుటివాడు పుస్తకం చదివినట్టు చదివేశాడు. మూడుసార్లు పక్కనుంచి దూసుకెళ్ళి బంతి విసిరేవాణ్ణి పడగొట్టాడు. ఆట అయ్యాక ఈనోక్ తువ్వాలు మెడలో వేసుకుని వచ్చి వెండెల్ పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు పదేళ్ళుగా ఆడుతున్నావు. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు. ఏం చెప్పినా బాధపడను."

వెండెల్ కాలికి చుట్టిన కట్టు విప్పుతూ తల ఎత్తలేదు.

"ఏం తప్పూ లేదు తమ్ముడూ. కొన్ని రోజులంతే. నీ అదృష్టం బాలేదు."

మర్నాడు పొద్దున ఈనోక్‌కి ఫోన్ వచ్చింది. వెండెల్ జట్టులో నిలిచాడు. ఆ ఏడు ఐదు ఆటలు ఆడాడు. మరుసటి ఏడు మూడో ఆటలో మోకాలు పూర్తిగా పోయింది. అంతటితో అయిపోయింది. ఎనిమిది ఆటల కోసం ఒక మనిషి దారి మూసేశానని అతను తర్వాత లెక్కేసుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చి ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరాడు. పన్నెండేళ్ళు గడిచాయి. అప్పుడు మా హైస్కూల్‌వాళ్ళు అతని పేరు ఇత్తడి పలకమీద చెక్కించి వ్యాయామశాల గోడకు బిగించి విందు చేశారు. ఊరంతా వచ్చింది. పంది మాంసం, ఊరవేసిన క్యాబేజీ, మా ఆడవాళ్ళు చేసిన గసగసాల తీపి రొట్టెలు, కొలాచీలు. రేడియోలో ఆటల కబుర్లు చెప్పే ఆయన మైకు పట్టుకుని, "అన్నిటికన్నా నీకు గర్వంగా అనిపించే సంగతి ఏమిటి?" అని అడిగాడు.

వెండెల్ అన్నాడు: "నాకు తెలిసింది ఏదీ కుర్రవాళ్ళ దగ్గర దాచుకోలేదు. నా స్థానం కోసం వచ్చినవాళ్ళకైనా సరే, నేర్పాను."

చప్పట్లు మోగాయి. అతను కూర్చున్నాడు కానీ పళ్ళెం ముట్టుకోలేదు.

మర్నాడు నా దుకాణానికి వచ్చి, టైర్ల దొంతర మీద కూర్చుని, మొత్తం చెప్పాడు. నేను అప్పటిదాకా ఈనోక్ పేరే వినలేదు.

"నిన్న ఎందుకలా అన్నానో తెలియదురా. బాయిడ్ చేసిన పని నేను చేసినట్టు చెప్పుకున్నాను."

"పోయి ఆ మనిషికి చెప్పెయ్. గుండె తేలికపడుతుంది" అన్నాను.

ఆ సలహా ఇచ్చింది నేనే. ఈ కథలో నా వంతు అది.

నా ట్రక్కులోనే బయలుదేరాం. దారిలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు మధ్యాహ్నానికి మిసిసిపీలో ఈనోక్ ఉండే చోటు చేరాం. దుంగలు మోసే లారీ నడుపుతున్నాడని తెలిసింది. పైన్ చెట్ల మధ్య చిన్న ఇల్లు, ముందు కంకర పరిచిన వాకిలి. మమ్మల్ని చూసి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. మనిషి ఇంకా తలుపంత ఉన్నాడు, గడ్డం నెరిసింది.

"వెండెల్ అన్నా! వెర్లీన్, ఇటు రా, ఎవరొచ్చారో చూడు!"

అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఈనోక్ వెండెల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు చెప్తుంటానే, ఈయనే. ఆ రోజు అందరూ నా మొహం చూడ్డం మానేస్తే, నా పక్కన కూర్చుని 'నీ తప్పేం లేదు, అదృష్టం బాలేదు' అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను అన్నా. తాగుడు జోలికి పోలేదు. నాలో లోటు లేదు, రోజు బాలేదు అనుకున్నాను. పని దొరికింది, పెళ్ళయింది. మా వాళ్ళందరికీ నీ పేరు తెలుసు."

వెర్లీన్ వెండెల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నేను వెండెల్ వైపు చూశాను. వద్దు, ఇంక చెప్పకు అని కళ్ళతో అన్నాను. అతను చూడలేదో, చూసీ ఆగలేకపోయాడో.

"ఈనోక్, నేను అబద్ధమాడాను."

అంతా చెప్పాడు. గోళ్ళ సంగతి, వీడియో సంగతి, తనకు అదే మాట బాయిడ్ చెప్పిన సంగతి. ఏదీ మెత్తబరిచి చెప్పలేదు. వెర్లీన్ చెయ్యి వదిలేసింది.

ఈనోక్ ఆ కంకర మీదే కాళ్ళు ఎడంగా పెట్టి వంగాడు. నలభై దగ్గరపడుతున్న మనిషి, కుడిచెయ్యి నేలకానించాడు. బరువు ముందుకు వేశాడు, వెనక్కి తీశాడు. తల వంచి తన వేళ్ళే చూసుకున్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"సరిచేసుకోవడానికి నీకెన్నాళ్ళు పట్టింది?"

"నాలుగు రోజులు."

ఈనోక్ లేచి అరచేతికంటిన రాళ్ళు దులుపుకున్నాడు. కోపంగా కూడా లేడు. అలసిపోయినట్టున్నాడు.

"నేనడిగినప్పుడు చెప్పలేదు. అడగనప్పుడు వచ్చి చెప్తున్నావు. అప్పుడు నా ఆట తీసుకున్నావు. ఇప్పుడు నా దగ్గర మిగిలిన ఆ మాట కూడా తీసుకున్నావు. ఇంకేం చెయ్యమంటావు అన్నా, కాఫీ ఇమ్మంటావా?"

లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు, మామూలుగానే వేశాడు. వెర్లీన్ మమ్మల్ని ట్రక్కు దాకా సాగనంపింది. "మీరు చాలా దూరం నుంచి వచ్చారు, జాగ్రత్తగా వెళ్ళండి" అంది. వెండెల్ మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆర్కన్సా రాష్ట్రం దాటాక పెట్రోల్ పోయిస్తుంటే వెండెల్, "నిజం చెప్తే మంచిదే కదరా?" అని అడిగాడు. నేను పంపు మీద తిరుగుతున్న నంబర్లు చూశాను.

మార్లిస్ అన్నీ విని, పళ్ళేలు తుడుస్తూ అంది: "చెప్పింది నీ కోసం. ఆయన కోసం అయితే ఆ పూట తిని, నవ్వి, ఆ బరువు నువ్వే మోసుకుంటూ తిరిగొచ్చేవాడివి."

ఈనోక్‌కి రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. గోడమీద పలక తీసెయ్యమని హైస్కూల్‌వాళ్ళను అడిగితే, వినయమనుకుని వీపు తట్టి పంపించారు. అసలు సంగతి చెప్పబోతే ప్రిన్సిపాల్, "పోనీలే వెండెల్, పదమూడేళ్ళ నాటి ఆటలో గోళ్ళ సంగతి ఎవరికి కావాలి?" అన్నాడట.

ఇప్పుడు అతను కోత రోజుల్లో మొక్కజొన్న లారీలు తూకం వేస్తాడు. కుంటుతూ నడుస్తాడు. ఆదివారం టీవీలో ఆట వస్తుంటే మార్లిస్‌ని తీసుకుని మా ఇంటికి వచ్చి కూర్చుంటాడు. అందరూ బంతి వైపు చూస్తారు. అతను ముందు వరుసలో ఎవరో ఊరూపేరూ తెలియని కుర్రవాడి చెయ్యి చూస్తాడు. ఒక్కోసారి, "వీడికెవరైనా చెప్తే బాగుండు" అంటాడు. మార్లిస్ లేచి చిప్స్ గిన్నె నింపుకొస్తుంది.